ఒంటికాలి పరీక్ష

నేను చేసే పనేంటో మా చిన్నమ్మకు ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అథ్లెటిక్ ట్రైనర్ అంటే ఆమె దృష్టిలో జిమ్ములో డంబెల్స్ ఎత్తించేవాళ్ళు. హిందూపురంలో ఏ పెళ్ళికి పోయినా నా చెయ్యి పట్టుకుని, "మా పాప బెంగుళూరులో జిమ్ము నడుపుతుంది, నీ పొట్ట తగ్గాలంటే దీన్ని అడుగు" అని ఎవరో ఒక మామకు నన్ను అప్పజెప్తుంది. కాదు చిన్నమ్మా, ఆటలాడే పిల్లలకు దెబ్బ తగలకుండా చూసుకోవడం, తగిలితే పరిగెత్తుకుపోయి చూడటం, మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చో చెప్పడం నా పని అంటే, "అదే కదా, మసాజే కదా" అంటుంది. ఇంకేం చెప్తాను. నోరు మూసుకుని అప్పడం నములుతాను.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఇంటి ఓనరు ఇంకో రకం. ఆదివారం పొద్దున నేను కాస్త ఎక్కువసేపు పడుకుందామనుకున్న రోజే ఆయనకు నడుం పట్టేస్తుంది. "మీరు డాక్టర్ లాగానే కదమ్మా, స్వల్ప చూడండి" అంటాడు. అద్దె పెంచేటప్పుడు మాత్రం నేను డాక్టర్ లాగా కనపడను.

వర్తూరు దాటాక ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఆడపిల్లల కబడ్డీ టీముకు నేను ట్రైనర్‌ని. ఫిజియోథెరపీ చదివి, ఆ పైన ఆటల దెబ్బల మీద ఇంకో చదువు చదివి చేరాను. చదువంతా అయ్యాక తెలిసింది, నా రోజు క్యాంటీన్ వాళ్ళతో ఐస్ కోసం పోట్లాటతో మొదలవుతుందని. మా ఐస్ పెట్టెలో వాళ్ళు పాల ప్యాకెట్లు పెడతారు. తీసి బయట పెడితే మేనేజ్‌మెంటుకు కంప్లయింటు పోతుంది. అది అయ్యాక పిల్లల చీలమండలకు టేపు చుట్టడం, మోకాళ్ళు చూడటం, ఎవరు నీళ్ళు తాగారు, ఎవరు పొద్దున ఏమీ తినకుండా వచ్చారు అని వెంటపడటం. తినకుండా వచ్చినదాన్ని అడిగితే తిన్నానంటుంది. ఏం తిన్నావే అంటే పక్కదాని మొహం చూస్తుంది.

ఇంత చేసినా పిల్లలు నాకు పెట్టిన పేరు స్ప్రే అక్క. కాలు మడతపడినా స్ప్రే, భుజం జారినా స్ప్రే, గోరు ఊడినా స్ప్రే. ఆ చల్లటి పొగ కొట్టించుకుంటే బాగైపోతుందని వాళ్ళకు ఎక్కడలేని నమ్మకం. అది కాసేపు తిమ్మిరి ఎక్కిస్తుందే తప్ప ఏదీ మాన్పదని నెత్తీనోరూ బాదుకుని చెప్పాను. తలలూపుతారు. మర్నాడు మళ్ళీ, "అక్కా, కొంచెం స్ప్రే."

పిల్లల సంగతి సరే, కోచ్ సార్ కూడా అంతే. ఆయన బెంగుళూరు శివార్లలోని చందాపుర మనిషి. తాతల నాటినుంచీ అక్కడే ఉన్న తెలుగువాళ్ళు, తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగిస్తాడు. ఒకప్పుడు మంచి ఆటగాడు. విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలు ఒకటుంది ఆయనకు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ దాన్ని చూపిస్తాడు. "ఇది విరిగినాక గూడా మ్యాచ్ ఆడినాను. కట్టు గిట్టు ఏమీ లేదప్పా" అంటాడు. నేను పక్కనే నిలబడి ఉంటాను. ఎక్కడో కాలుతుంది నాకు. ఆ వేలు చూపించడానికి కాదు సార్, దాచుకోడానికి అందామని నోటిదాకా వస్తుంది.

అయినా ఆయన చెడ్డవాడు కాదు. అలా అనుకుంటే నాకే సులువుగా ఉండేది. ఊళ్ళలో, బస్తీల్లో తిరిగి, ఫీజు కట్టలేని పిల్లల్ని వెతికి తెచ్చి, కాలేజీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి సీటు ఇప్పిస్తాడు. అలా తెచ్చినదే నేను చెప్పబోయే ఈ పిల్ల.

ఈ పిల్లదీ చందాపురే. వాళ్ళమ్మ గార్మెంట్స్‌లో పనిచేస్తుంది, నాన్న లేడు. సన్నగా, పొడుగ్గా, వాగుడుకాయ. కూతకు వెళ్ళిందంటే అవతలివాళ్ళు పట్టుకున్నామనుకునే లోపల జారిపోయి గీత దాటేస్తుంది. నేనంటే మహా చనువు. నా డబ్బాలోది తినేసి, "అక్కా, మీ పప్పులో ఉప్పు తక్కువ" అని నాకే చెప్పేది. దానికి ఒక అలవాటుంది. మోకాలి క్యాప్ ఎప్పుడూ కూర్చుని వేసుకోదు. ఒక కాలి మీద నిలబడి, రెండో కాలు మడిచి, మాట్లాడుతూనే లాగేసుకుంటుంది. ఒకసారి మ్యాచ్‌కు పోతూ కదిలే బస్సులో, గుంతల రోడ్డు మీద, ఎక్కడా పట్టుకోకుండా అలాగే వేసుకుంది. కండక్టరు తిట్టాడు. దాని కాలు మాత్రం చలించలేదు.

ఇప్పుడు ఒంటికాలి పరీక్ష గురించి చెప్పాలి. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి పిల్లకూ నేనొక పరీక్ష పెడతాను. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడాలి. తర్వాత నేను కొన్ని మాటలు చెప్తాను, గొడుగు, నిచ్చెన, మెంతులు, అద్దం, ఇలాంటివి. వాటిని తిరిగి చెప్పాలి. బాగున్నప్పుడు ఎవరు ఎంత చేయగలరో తెలిస్తే, రేపు తలకు దెబ్బ తగిలినప్పుడు అదే పరీక్ష మళ్ళీ పెట్టి పోల్చుకోవచ్చు. తల లోపల అదిరితే పైకి ఏమీ కనపడదు. రక్తం రాదు, వాపు రాదు, స్కాన్‌లో కూడా చాలాసార్లు ఏమీ తేలదు. అది పూర్తిగా మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికే రావచ్చు. అందుకని ఈ పరీక్ష. ఇదొక్కటైనా నా చేతిలో ఉందిలే అనుకునేదాన్ని.

ఆ సంవత్సరం సీజన్ మొదట్లో మా పిల్లలంతా ఒంటికాలి మీద తూలారు. నిచ్చెన గుర్తున్నవాళ్ళకు గొడుగు గుర్తులేదు. ఈ పిల్లయితే కాలు ఎత్తీ ఎత్తకముందే "అమ్మో" అని నా మీద పడింది. అందరూ నవ్వారు. సెలవుల్లో తిని కూర్చుని బరువెక్కారు మహాతల్లులు అనుకుని నేనూ నవ్వాను.

సెమీఫైనల్‌లో అవతలి టీము పిల్ల మోకాలు మా పిల్ల కణతకు తగిలింది. ఆ చప్పుడు గీత బయట ఉన్న నాకు వినపడింది. పడింది, లేచింది. లేచి, దుమ్ము దులుపుకుని, నేరుగా అవతలి టీము బెంచీ వైపు నడిచిపోయింది. జనం నవ్వారు. తల లోపల అదిరిందని నాకు తెలిసిపోయింది. బ్యాగు పట్టుకుని లోపలికి పరిగెత్తుతుంటే వెనక నుంచి కోచ్ సార్ అరుపు, "స్ప్రే కొట్టమ్మా, స్ప్రే కొట్టు."

తలకు స్ప్రే. ఎంతో మర్యాదగా చెప్పాను, దీన్ని బయటికి తీసుకుపోతున్నాను సార్ అని. ఆ మర్యాద నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

ఆ మ్యాచ్ ఎలాగో గెలిచారు. నేను దాన్ని ఆసుపత్రికి తీసుకుపోయాను. స్కాన్ బాగానే వచ్చింది. డాక్టరు చెప్పాల్సింది సరిగ్గానే చెప్పాడు. విశ్రాంతి కావాలి, తలనొప్పి, తూలడం, వెలుతురు పడకపోవడం, అన్నీ పోయేదాకా ఆడకూడదు, పోయాయో లేదో మీ ట్రైనర్ పరీక్ష పెట్టి చూస్తారు అన్నాడు. ఇందులో ఎవరికి ఎంత కావాలో అంతే వినపడింది. కాలేజీకి చేరేసరికి ఆ మాటలన్నీ కలిసి "స్కాన్ క్లీన్" అయిపోయాయి.

ఫైనల్ ఆ వారంలోనే. ఒక పెద్ద ప్రభుత్వ సంస్థ టీము వాళ్ళు చూడటానికి వస్తున్నారు. నచ్చితే టీములోకి తీసుకుంటారు, ఆటతో పాటు ఉద్యోగం. మా టీములో వాళ్ళ కన్ను పడింది ఈ పిల్ల మీదే. ఆ సంగతి కోచ్ సార్‌కు తెలుసు, పిల్లకు తెలుసు, వాళ్ళమ్మకు తెలుసు. నాకూ తెలుసు. ఆ వారమంతా నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

రోజూ అడిగేదాన్ని. తల నొప్పిగా ఉందా? లేదక్కా. వెలుతురు గుచ్చుకుంటోందా? లేదక్కా. నిద్ర పడుతోందా? భలే పడుతోందక్కా. అన్నిటికీ జవాబు సిద్ధం. ఫైనల్ ముందురోజు పరీక్ష పెట్టాను. కళ్ళు మూసుకుని కాలు ఎత్తింది, తూలింది, పడబోయింది. మాటల్లో సగం మర్చిపోయింది. సీజన్ మొదట్లో చేసినట్టే చేసింది. అంతకంటే తక్కువా కాదు, ఎక్కువా కాదు.

కోచ్ సార్ పక్కనే ఉన్నాడు. "అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. నీ పరీక్షే చెప్తా ఉండాది కదమ్మా, బిడ్డ బాగుండాదని" అన్నాడు.

"పరీక్ష ఒక్కటే చాలదు సార్. నాకు నమ్మకం కుదరట్లేదు. ఇంకొన్నాళ్ళు ఆపుదాం."

"నమ్మకం అంటే ఎట్లమ్మా? నీ పరీక్ష నువ్వే ఒప్పుకోకపోతే మేమేం చేసేది? ఇట్లాంటి పిల్ల ఒక్కటైనా పైకి పోవాలని నేను ఎన్నేండ్లుగా చూస్తా ఉండాను. దాని నోటికాడ కూడు తీసేస్తావా?"

నాకు అనుమానం ఉంది గానీ చూపించడానికి ఏమీ లేదు. మేనేజ్‌మెంటు ఆఫీసుకు పోయాను. అక్కడ చల్లటి గదిలో కూర్చున్నాయన నేను చెప్పిందంతా విని, "కోచ్‌తో మాట్లాడుకుని ఒక మాట మీదికి రండి మేడం" అన్నాడు. ఆ రోజు ట్రాఫిక్‌లో ఇంటికి పోతూ, ఈ ఉద్యోగం వదిలేసి కంప్యూటర్ల ముందు మెడలు పట్టేసినవాళ్ళకు క్లినిక్కు పెట్టుకుందామని గట్టిగా అనుకున్నాను. వాళ్ళయినా నొప్పి ఉంటే ఉందంటారు.

ఫైనల్ రోజు పొద్దున మైదానంలో టేపు చుడుతున్నాను. ఈ పిల్ల వాళ్ళమ్మ కూడా వచ్చింది. సెలవు పెట్టి, టీము మొత్తానికీ చిత్రాన్నం చేసి, రెండు బస్సులు మారి వచ్చింది. కూతురి పక్కన నిలబడి దాని జడ బిగిస్తోంది. జడ అయ్యాక పిల్ల సంచిలోంచి మోకాలి క్యాపులు తీసి, బెంచీ మీద కూర్చుంది. కూర్చుని, కాలు చాపి, క్యాప్ ఎక్కించుకుంది.

చేతిలో టేపు అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. అప్పుడు అర్థమైంది నాకు. కదిలే బస్సులో గుంతల మీద ఒంటికాలి మీద నిలబడ్డ పిల్ల, సీజన్ మొదట్లో కాలు ఎత్తకముందే నా మీద ఎలా పడింది? అది పడలేదు. పడినట్టు చేసింది. అదొక్కటే కాదు, టీము టీమంతా నా ముందు నాటకమాడారు. మొదట్లోనే తక్కువ చేసి పెట్టుకుంటే, తర్వాత తల పగిలినా అంతమాత్రం చేయొచ్చు, స్ప్రే అక్క ఆపలేదు. అంతే ఉపాయం. ఎవరి తల కాపాడదామని ఆ పరీక్ష పెట్టానో వాళ్ళే నా కళ్ళు కప్పారు.

దగ్గరికి పోయి, "లే. రెండో క్యాప్ నిలబడి వేసుకో" అన్నాను.

"ఎందుకక్కా?"

"ఎప్పుడూ వేసుకున్నట్టే వేసుకో."

నా మొహం చూసింది. దానికి అర్థమైపోయింది. లేచింది. క్యాప్ చేత్తో పట్టుకుని ఒక కాలు మడిచింది. అలా మడిచిందో లేదో పక్కకు ఒరిగిపోయి వాళ్ళమ్మ భుజం పట్టుకుంది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఒరిగింది. ఈసారి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

కోచ్ సార్ వచ్చాడు. "ఏమమ్మా మళ్ళీ? అయిపోయింది కదా పరీక్ష."

"సార్, ఇది మొదట్లో కావాలనే తూలింది. అందరూ అంతే చేశారు" అన్నాను.

"మీకెట్లా తెలుసు?" అని పిల్ల గట్టిగా అరిచింది. వెంటనే దాని కళ్ళల్లో నీళ్ళు. "అందరూ చేస్తారక్కా. నేనొక్కదాన్నే చేసినానా? నన్నొక్కదాన్నే ఎందుకు పట్టుకుంటారు?"

అప్పటిదాకా చిత్రాన్నం డబ్బా పట్టుకుని మా మొహాలు మార్చి మార్చి చూస్తున్న వాళ్ళమ్మ మెల్లగా అంది, "ఇది చిన్నప్పుడు సాక్సు గూడా నిలబడే ఏసుకునేది మేడం. కూర్చోవే అంటే కూర్చునేది కాదు." డబ్బా బెంచీ మీద పెట్టింది. "పొద్దన చెప్పు తొడుక్కునేటప్పుడు గోడ పట్టుకునింది. నేను నిద్రమత్తు అనుకున్నా."

"అమ్మా, నువ్వు ఊరికే ఉండు" అంది పిల్ల.

వాళ్ళమ్మ ఊరుకోలేదు. కోచ్ సార్ వైపు తిరిగి, "వద్దు సార్. ఆడదు" అంది.

ఆ ఒక్క మాట కోసం నేను వారం నుంచి తిరగని చోటు లేదు. ఆమె నోట రాగానే అయిపోయింది. కోచ్ సార్ ఏదో అనబోయి, ఆమె మొహం చూసి, ఆ వంకర వేలు నిమురుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు సంతోషం కలగలేదు. ఆ ఉద్యోగం వస్తే ఆమె గార్మెంట్స్ మానేయొచ్చని నాతో అంతకుముందే ఒకసారి చెప్పింది.

మ్యాచ్ ఓడిపోయాం. ఘోరంగా ఏం కాదు, ఈ పిల్ల ఉంటే గెలిచేవాళ్ళం అని అందరూ అనుకోగలిగేంత దగ్గరగా ఓడిపోయాం. పిల్ల టవల్ తల మీద కప్పుకుని బెంచీ మీద కూర్చుంది. ఈలలు, డప్పులు మొదలయ్యాక టవల్ కింద చెవులు రెండూ మూసుకుంది. లేపి మెట్ల వెనక నీడలోకి తీసుకుపోయాను. రానంది, అయినా వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు అవతలి టీము పిల్లను తీసుకున్నారు.

దానికి తూలడం పోవడానికి చాలా వారాలు పట్టింది. క్లాసులో బోర్డు చూస్తే తలనొప్పి వచ్చేది. కోచ్ సార్ దాన్ని ఎండదెబ్బ అన్నాడు. మేనేజ్‌మెంటు ఆయన వరండాలో కనపడి, "చూశారా మేడం, ఏమీ కాలేదు కదా. అనవసరంగా ఫైనల్ పోయింది" అన్నాడు. ఏమీ కాకూడదనే కదయ్యా ఆపింది, అని గొంతుదాకా వచ్చింది. నా పనిలో ఉన్న దరిద్రమే ఇది. నేను సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి నేను చేసిందీ ఏమీ లేదు. జరగనిదాన్ని తెచ్చి ఎవరికి చూపించను?

పిల్ల నాతో మాటలు మానేసింది. నయమై మళ్ళీ ఆటకు వచ్చాక కూడా టేపు కెప్టెన్‌తో చుట్టించుకునేది. ఆ చుట్టడం చూస్తే నాకు ప్రాణం పోయేది, అంత వదులుగా చుట్టేది కెప్టెన్. నా డబ్బా జోలికి రావడం మానేసింది. తప్పనిసరై పిలవాల్సి వస్తే మేడం అని పిలిచేది. టీములో ఇంకెవరూ నన్ను మేడం అనరు. అక్కా అని పిలిపించుకోవాలనే యావ నాకు ఉన్నట్టు అప్పటిదాకా నాకే తెలియదు.

కొత్త సీజన్ వచ్చింది. మళ్ళీ ఒంటికాలి పరీక్ష. ఈసారి మాటలన్నీ మార్చాను, అలవాట్లన్నీ గమనించి పెట్టుకున్నాను. అయినా ఎంత కాపలా కాసినా ఆ పిల్లలు నాకంటే తెలివైనవాళ్ళని తెలుసు. వరసలో మూతులకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను చిరాకు మొహంతో నిలబడి ఉన్నాను.

దాని వంతు వచ్చింది. నా వైపు చూడకుండా వచ్చి నిలబడింది. కళ్ళు మూసుకుని, కాలు ఎత్తింది. కదల్లేదు. వెనక నవ్వులు కొంచెం కొంచెంగా ఆగిపోయాయి. ఇంక చాలు, దించు అన్నాను. దించలేదు. దవడ బిగబట్టి అలాగే నిలబడింది. ఫైనల్ పోయిన కోపం, ఉద్యోగం పోయిన కోపం, వాళ్ళమ్మ ముందు తనను నిలబెట్టిన కోపం, అన్నీ దాని మొహంలో కనపడుతూనే ఉన్నాయి. చివరికి తనంతట తానే కాలు దించి, కళ్ళు తెరిచి, "పడలేదు. రాసుకోండి మేడం" అని పక్కకు పోయి గోడకు ఆనుకుంది.

దాని వెనక కొత్తగా చేరిన పిల్ల వచ్చింది. కళ్ళు మూసుకుని, కాలు ఇంకా నేల వదలకముందే "అయ్యో" అంటూ పక్కకు పడింది. అలవాటుగా ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఏయ్. లేచి సరిగ్గా నిలబడు."

అన్నది నేను కాదు. గోడ దగ్గరి నుంచి వచ్చింది ఆ మాట. కొత్త పిల్ల బిత్తరపోయి లేచి, మళ్ళీ కళ్ళు మూసుకుని, ఈసారి సరిగ్గా నిలబడింది. దాని వెనకవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

నన్ను మాత్రం ఇప్పటికీ మేడం అనే పిలుస్తుంది.